ఒకటో తారీఖు పింఛను, రెండో పెళ్లి

ప్రశ్న:

అమ్మా, మాది కోనసీమలో ఒక పల్లె. నాకు 34 ఏళ్లు. మా ఆయన లారీ డ్రైవరు, ఐదేళ్ల కిందట పచ్చకామెర్లు ముదిరి పోయారు. పాప నాలుగో తరగతి, వచ్చే సంక్రాంతి వెళ్లాక పదేళ్లు నిండుతాయి. నాకు వితంతు పింఛను 4,000 వస్తోంది. ఇంట్లో మిషను కుడితే పెళ్లిళ్ల సీజన్లో ఎనిమిది వేలు, మామూలు రోజుల్లో నాలుగైదు వేలు. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది, నా బియ్యం కార్డులోనే ఉంది. ఆవిడకీ 61 దాటాయి గానీ కార్డుకి ఒకటే పింఛనని ఆవిడకి ఇవ్వలేదు.

పక్క ఊళ్లో కరెంటు పని చేసే ఒకాయన ఏడాదిగా పరిచయం. భార్య పోయి నాలుగేళ్లయింది, పిల్లల్లేరు. నెలకి 18 వేల దాకా సంపాదిస్తారు. పెళ్లి చేసుకుందామన్నారు. పాపకి ఆయనంటే బెరుకు లేదు, నాకూ ఇష్టమే. కానీ పింఛను పోతుందని తలుచుకుంటే కాళ్లూ చేతులూ ఆడట్లేదు. మా మరిది ఫోన్లో లెక్క కట్టి చూపించాడు. 60 ఏళ్లొచ్చేదాకా 26 ఏళ్లు, ఏడాదికి 48,000, మొత్తం 12 లక్షల 48 వేలట. "అన్ని లక్షలు వదులుకుని పెళ్లేంటి వదినా" అన్నాడు. పెళ్లయితే మా ఆయన పేరు మీదున్న అరవై సెంట్లలో కూడా నాకు హక్కు పోతుందంటున్నాడు. ఈయనేమో "అన్నవరం కొండ మీద తాళి కట్టుకుందాం, రిజిస్టర్ చేయించొద్దు, పింఛను దాని మానాన అది వస్తుంది" అంటున్నారు. నాలుగు వేల కోసం ఇంత ఆలోచిస్తున్నానంటే నా మీద నాకే సిగ్గేస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం:

ముందు ఆ సిగ్గు సంగతి చూద్దాం. మన ఇళ్లల్లో సంబంధం అనగానే మొట్టమొదట వచ్చే మాట ఏంటమ్మా? "అబ్బాయికి ఎంతొస్తుంది?" గవర్నమెంటు ఉద్యోగమైతే పదేళ్లు పెద్దవాడైనా సర్దుకుంటారు. సాఫ్ట్‌వేరైతే ప్యాకేజీ అడుగుతారు, అమెరికా అయితే హెచ్-1బీనా గ్రీన్‌కార్డా అని అడుగుతారు, మీ వైపైతే కొబ్బరితోట ఎన్నెకరాలని. పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతూ అడిగితే దాన్ని వివరం కనుక్కోవడం అంటారు. పిల్లని పెట్టుకున్న మనిషి "నాకొచ్చే నాలుగు వేలు పోతే ఎలా" అంటే కక్కుర్తి అంటారు. మీరడిగింది అందరూ అడిగేదే. కాకపోతే మీ తరఫున అడిగే పెద్దలు లేక మీరే అడగాల్సి వచ్చింది, అంతే.

నేను పోస్టాఫీసులో పనిచేసి రిటైరయినదాన్ని. పింఛన్లు మా కౌంటర్లోనే ఇచ్చిన రోజులున్నాయి, అప్పటికి వెయ్యి రూపాయలు. ప్రతినెలా ఒకామె వచ్చేది, ముప్పై లోపే ఉంటుంది వయసు. ఒక నెల మండుటెండలో పైట మెడ చుట్టూ బిగించి చుట్టుకుని వచ్చింది. వేలిముద్ర మిషను మీద వేలు పెట్టడానికి వంగేసరికి పైట జారింది. పసుపుతాడు. కొత్తది, జాకెట్టుకి పసుపు అంటి ఉంది. ఆమె నా మొహం చూసింది, నేను మిషను వైపు చూశాను. వెయ్యి లెక్కపెట్టి ఇచ్చేశాను. తర్వాతి నెల నుంచి ఆమె రాలేదు. ఉద్యోగస్తురాలిగా నేను చేసింది తప్పే. "రిజిస్టర్ చేయించొద్దు" అన్న మీ వాక్యం చదవగానే ఆ పైటే కళ్లముందుకి వచ్చింది. పెళ్లికూతురు పసుపుతాడు దాచుకోవడం ఏంటమ్మా, దొంగసొత్తులా!

ఇక అసలు సంగతి. అవును, మళ్లీ పెళ్లి చేసుకుంటే వితంతు పింఛను ఆగిపోతుంది. ఇందులో మెలికలేం లేవు. మన ఎన్టీఆర్ భరోసా 4,000 అయినా, తెలంగాణలో ఇచ్చే 2,016 అయినా, కేంద్రం 2009లో మొదలుపెట్టిన ఇందిరాగాంధీ వితంతు పింఛనైనా (ఢిల్లీ నుంచి అందులో వచ్చేది నెలకి 300 మాత్రమే) రూలు ఒక్కటే.

నాకా రూలు నచ్చదు, దాచుకోవడమెందుకు. వృద్ధాప్య పింఛను తీసుకునే పెద్దాయన అరవై ఐదులో తోడు వెతుక్కుంటే పింఛను ఆగదు. దివ్యాంగుల పింఛను 6,000 పెళ్లి చేసుకున్నారని ఆపరు. వితంతువు దగ్గరికీ ఒంటరి మహిళ దగ్గరికీ వచ్చేసరికి మాత్రం తాళి పడిందా లేదా అని చూస్తారు. అంటే ప్రభుత్వం పద్దులో మొగుడంటే ఒక ఆదాయం. ఆ మొగుడు తెచ్చింది ఇంట్లో ఇస్తాడో బెల్టుషాపులో ఇస్తాడో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

వేరేచోట్ల ఇవే ప్రభుత్వాలు మెత్తబడ్డాయి కూడా. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి చనిపోయి, భార్యకి పిల్లల్లేకపోతే, ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నా ఫ్యామిలీ పింఛను ఆగదు. ఆమె సొంత ఆదాయం 9,000, దాని మీద డీఏ (కరువు భత్యం) దాటకూడదు, అంతే షరతు. శౌర్యపతకం వచ్చిన సైనికుడి భార్యకిచ్చే భత్యం ఒకప్పుడు ఆమె భర్త అన్ననో తమ్ముణ్నో చేసుకుంటేనే కొనసాగేది. ఆ దిక్కుమాలిన షరతు 2017 నవంబరులో తీసేశారు. జార్ఖండ్‌లోనైతే వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే 2 లక్షలిచ్చే పథకం 2024లో పెట్టారు. మన పక్కనే తెలంగాణలో కల్యాణలక్ష్మి కింద 1,00,116 ఇస్తారు, అయితే అది పెళ్లికాని పిల్లకి. మొదటి పెళ్లికి లక్ష ఇచ్చే చెయ్యే రెండో పెళ్లికి ఉన్న రెండు వేలు వెనక్కి లాక్కుంటుంది. సరే, రూలు మారేదాకా మీరు ఆగలేరు. ఉన్నదానితో లెక్క చూసుకుందాం.

ఆయన చెప్పిన ఉపాయం మాత్రం వద్దు. ఆయన చెడ్డవాడని నేననను, మీ నాలుగు వేలు పోకూడదనే అన్నట్టుంది. కానీ అది ఎటు తిరుగుతుందో చూడండి. హిందూ వివాహ చట్టం ప్రకారం ఆచారం ప్రకారం జరిగిన పెళ్లి పెళ్లే, రిజిస్టర్ చేసినా చేయకపోయినా. మన రాష్ట్రంలో నమోదు తప్పనిసరి అని 2002లో చట్టమొచ్చింది, చేయించకపోవడం అదో తప్పు. కాబట్టి అన్నవరంలో తాళి పడిన రోజునే మీ అర్హత పోయింది. ఆ తర్వాత తీసుకున్న ప్రతి నెలా మీ మీద బాకీ కింద లెక్క, ఎవరైనా ఒక అర్జీ పెడితే వసూలుకి వస్తారు. ఆ అర్జీ పెట్టేవాళ్లు ఎవరో మీ ఊళ్లో మీకు నేను చెప్పాలా? ఒకటో తారీఖున గుమ్మం దగ్గరికి వచ్చే గ్రామ సచివాలయం ఉద్యోగి కూడా మీ ఊరివాడో పక్క ఊరివాడో అయి ఉంటాడు. నల్లపూసలు ఎన్నాళ్లు దాస్తారు?

ఇంకో వైపు కూడా చూడండి, నాకు ఇదే ఎక్కువ భయం. రేపు ఆయనకేదైనా అయితే? కరెంటు స్తంభాలెక్కే పని. ఆయన ఇల్లు, బ్యాంకులో ఉన్నది, ఇన్సూరెన్సు, ఇవన్నీ భార్యగా మీకు రావాలి. అప్పుడు ఆయన అన్నదమ్ములు ఒక్క కాగితం బయటికి తీస్తారు. పెళ్లయిందన్న తారీఖు తర్వాత కూడా ప్రతి ఒకటో తారీఖునా మీరు వేలిముద్ర వేసి ఇంకొకరి వితంతువునని పింఛను తీసుకున్న జాబితా. మీరు ఆయన భార్య కాదనడానికి మీ వేలిముద్రలే సాక్ష్యం. నాలుగు వేలకి అంత ఖరీదు కట్టొద్దు. చేసుకుంటే చుట్టాల ముందు చేసుకోండి, మీ మొదటి భర్త మరణ ధ్రువపత్రం, ఆయన మొదటి భార్యది పట్టుకెళ్లి రిజిస్టర్ చేయించుకోండి. ఆ వారంలోనే సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుకి కాగితం రాసిచ్చి, మీ కాపీ మీద సంతకం, తారీఖు వేయించుకోండి. ఆ కాపీ బీరువాలో ఉండాలి.

ఇప్పుడు మీ మరిది లెక్క. గుణకారం తప్పులేదు. 4,000 ఇంటూ 12 ఇంటూ 26, ఖచ్చితంగా 12,48,000. కానీ పింఛను ఫిక్సెడ్ డిపాజిట్ కాదమ్మా. మన రాష్ట్రంలో 2014 దాకా 200 ఉండేది. ఆ ఏడాది వెయ్యయింది, 2019లో ఎన్నికల ముందు రెండు వేలు, ఎన్నికలయ్యాక 2,250, అట్లా 2024 జనవరికి మూడు వేలు, ఏప్రిల్ నుంచి లెక్కగట్టి నాలుగు వేలు. పెరగడమే చూశాం, నిజమే. రేపు ఎనిమిది వేలు కావచ్చు, ఇంకేదో షరతు పెట్టి మీ పేరు తీసేయనూ వచ్చు. అర్హతకి ఆరు అంచెల పరిశీలన ఉంది, మీకు తెలిసే ఉంటుంది. పల్లెలో కుటుంబ ఆదాయం నెలకి 10,000 దాటకూడదు, మూడెకరాల మాగాణి దాటకూడదు, ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి గానీ ఆదాయపన్ను కట్టేవాళ్లు గానీ ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల బండి ఉండకూడదు, కరెంటు నెలకి 300 యూనిట్లు దాటకూడదు. రేపు మీ పాప చదువుకుని ఉద్యోగం తెచ్చుకుని మీ కార్డులోనే ఉంటే, ఆ ఉద్యోగంతోనే మీ పింఛను పోవచ్చు. పాపకి ఉద్యోగం రాకూడదని కోరుకోం కదా! ఆ 26 ఏళ్ల లెక్క నిలవాలంటే మీ ఇంట్లో 26 ఏళ్లు ఎవరూ బాగుపడకూడదు.

అదీగాక మీ మరిది ఒక వైపే రాశాడు. రెండో వైపు ఆ కరెంటు పనాయన 18 వేలుంది. అందులో సగం ఇంటికొచ్చినా 9,000, అది పింఛనుకి రెండింతల పైన. వస్తుందా అన్నదే ప్రశ్న. దాని దగ్గరికి తర్వాత వస్తాను, ముందు పొలం సంగతి చెప్పాలి. నాకెందుకో మీ మరిది ఫోన్లో ఆ కాలిక్యులేటర్ తెరిచింది మీ పింఛను కోసం కాదనిపిస్తోంది. అరవై సెంట్ల కోసం.

భర్త పోయిన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి భర్త ఆస్తి వదులుకోవాలన్న మాట ఉత్తినే పుట్టింది కాదు. 1856లో వితంతువులు పెళ్లి చేసుకోవచ్చని చట్టం తెచ్చినప్పుడు అందులోనే రెండో సెక్షన్లో ఆ మెలిక పెట్టారు. పెళ్లి చేసుకో, ఆస్తి వదిలిపెట్టు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు అమల్లో ఉన్నది అదే చట్టం. (ఆ పెళ్లిళ్లకి కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం చేయబట్టి గానీ, వెలివేసిన ఊళ్లో ఒట్టి ఆదర్శంతో పొయ్యి వెలగదు కదా. మనవాళ్లు పెళ్లి కథ చెబుతారు గానీ ఆ ఖర్చు కథ చెప్పరు.) 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. పాత చట్టాన్ని 1983లో రద్దే చేశారు. 1956 చట్టంలో మళ్లీ పెళ్లి చేసుకున్న కొందరు వితంతువులకి అడ్డుగా ఉన్న 24వ సెక్షన్‌ను కూడా 2005లో తీసేశారు. 2008లో సుప్రీంకోర్టు ఇంకా విడమరిచి చెప్పింది. భర్త కన్నుమూసిన క్షణంలోనే భార్యకి వాటా వచ్చేస్తుంది, అది ఆమె సొంతం, తర్వాత ఆమె పెళ్లి చేసుకున్నంత మాత్రాన వెనక్కి పోదు.

పొలం మీ ఆయన పేరున ఉంది అన్నారు. అది ఆయన స్వార్జితమైతే మీకు, పాపకి, మీ అత్తగారు ఉంటే ఆవిడకి, మూడు సమాన వాటాలు. అంటే తలా ఇరవై సెంట్లు. పిత్రార్జితమైతే పాప వాటా పెరుగుతుంది. అన్నదమ్ముల పంపకాలు అయిపోయిన భూమైతే మరిదికి అందులో ఏమీ లేదు, ఎటు చూసినా మీది సున్నా కాదు. పాప వాటా అమ్మాలంటే తల్లిగా మీరైనా కోర్టు అనుమతి తీసుకోవాల్సిందే, కాబట్టి "సంతకం పెట్టు వదినా, నేను చూసుకుంటా" అంటే పెట్టకండి. పెళ్లికి ముందే చేయాల్సిన పని ఒకటుంది. తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని, వారసుల పేర్ల మీదకి మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పిడి) పెట్టించండి. 1-బీ భూమి రికార్డులో మీ పేరు, పాప పేరు పడ్డాక ముహూర్తం చూసుకుందురు గాని. పెళ్లయ్యాక కూడా హక్కు ఉంటుంది, కానీ ఆఫీసు చుట్టూ తిరిగేటప్పుడు ఇంటిపేరు మారిన ఆధార్ పట్టుకుని తిరగడం కంటే ఇప్పుడు తిరగడం సులువు. ఇళ్ల స్థలం పట్టా మీ పేరున ఇచ్చి ఉంటే అదీ మీదే.

మీ ఆయన పనిచేసిన లారీ ఓనరు పీఎఫ్ కట్టాడా? చాలామంది కట్టరు. ఒకవేళ కట్టి, మీకు ఆ పింఛను కూడా వస్తుంటే, పెళ్లితో మీది ఆగుతుంది గానీ పాపకి 25 ఏళ్లు వచ్చేదాకా పిల్లల పింఛను అడగవచ్చు. అడగాలి, వాళ్లంతట వాళ్లు ఇవ్వరు.

బియ్యం కార్డు దగ్గర కాస్త జాగ్రత్తగా నడవాలి. మీ వితంతు పింఛను పోయినంత మాత్రాన ఇంటికి వచ్చే పింఛను పోనక్కర్లేదు. మీరు, పాప ఆయన కార్డులోకి వెళ్లిపోతే మీ అమ్మగారు ఒక్కరే ఒక కార్డు. ఇన్నాళ్లూ ఆవిడకి అడ్డమైంది మీ పింఛనే, అది తొలగింది. 60 నిండాయి కాబట్టి వృద్ధాప్య పింఛనుకి అర్జీ పెట్టుకోవచ్చు, అదీ 4,000. కొత్త అర్జీలు ఎప్పుడు తీసుకుంటున్నారో సచివాలయంలో కనుక్కుని, ఆ తెరిచిన వారంలోనే పెట్టేయాలి. ఆవిడని కూడా మీతోపాటు ఆయన కార్డులోకి చేర్చేశారో, ఆయన 18 వేలు ఆవిడ నెత్తిన పడుతుంది, ఆవిడ పేరు ఆదాయం దగ్గరే కొట్టేస్తారు. ఒకే ఇంట్లో ఉంటూ దొంగ కార్డు పెట్టమని నేను చెప్పడం లేదు. మీ అమ్మగారు ఇప్పుడున్న ఇంట్లోనే ఉంటానంటే, పక్క ఊరేగా, మీరు రోజూ వచ్చి చూసుకోవచ్చు. ఆవిడని అడిగారా అసలు? ఉత్తరంలో మీ మరిది మాట ఉంది, ఆయన మాట ఉంది, పాప ఇష్టం ఉంది, మీ అమ్మగారు ఏమన్నారో లేదు.

ఆయన కార్డు మీద కూడా మీరు నాలుగు ప్రశ్నలు వేయాలి. దాని మీద ఆదాయం ఎంతని ఉంది? కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది? అన్నదమ్ములు మూడు కాపురాలకి ఒకే మీటరు వాడుతుంటే, మొత్తం 300 దాటి, ఆ పేరున్నవాళ్ల పథకాలన్నీ పోయిన ఇళ్లు నాకు తెలుసు. ఇది పింఛను గొడవ కాదు, పాప గొడవ. పిల్లల చదువుకని ఇచ్చే తల్లికి వందనం కింద ఏడాదికి మీ ఖాతాలో పడే 13,000 కొత్త ఇంటి లెక్కల మీద ఆధారపడుతుంది. అదీ పోతుందనుకునే లెక్క వేసుకోండి. ఉంటే సంతోషం. అంటే ఏడాదికి మీకు పోయేది ఎక్కువలో ఎక్కువ 61,000. అంకె తెలిసింది కదా, ఇక దాన్ని చూసి కాళ్లు వణకనక్కర్లేదు.

మీకు అసలు భయం అంకె గురించి కాదని నా అనుమానం. మీ మిషను డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. జాకెట్టు కుట్టించుకున్నవాళ్లు "రేపిస్తాను" అంటారు. ఒకటో తారీఖున గుమ్మంలోకి వచ్చే నాలుగు వేలు మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు, ఎందుకు ఖర్చుపెట్టావని ఎవరూ అడగరు. ఐదేళ్లుగా మీరు దాని మీద నిలబడ్డారు. ఇప్పుడు పాపకి చెప్పులు కొనాలన్నా ఒక మగాడి జేబు వైపు చూడాలేమోనన్నది భయం. అది న్యాయమైన భయం. మొదటి పెళ్లిలో మీకు ఆ అనుభవం ఉండి ఉంటే ఇంకా న్యాయం.

కాబట్టి ఆయనతో మాట్లాడాల్సింది అదే. నేనైతే ఇలా అడుగుతాను: "నాకు నెలకి నాలుగు వేలు నా చేతికి వచ్చేవి. మీతో వస్తే అవి ఆగిపోతాయి. నెలనెలా ఒకటో తారీఖున నాలుగు వేలు నా ఖాతాలో వేస్తారా? బజారు ఖర్చు, పాలు, గ్యాసు ఇందులో కలపొద్దు. అవి వేరే." ఫోన్‌పేలో వేయమనండి, బ్యాంకు పుస్తకంలో కనబడుతుంది. ఆయన ఆదాయంలో ఇది నాలుగో వంతు కూడా కాదు. ఆయన వెంటనే సరే అనకపోయినా ఫర్వాలేదు, ఆలోచించుకుని "మూడు వేస్తాను, పని లేని నెలలో రెండు" అని నిజాయితీగా లెక్క చెబితే అది ఇంకా మంచిది. నవ్వేసి, "నాదంతా నీదే కదా, వేరే ఖాతా ఎందుకు" అంటే మాత్రం కాస్త ఆగండి. నాదంతా నీదే అన్నవాళ్ల బీరువా తాళం ఎవరి దగ్గరుందో చాలా ఇళ్లల్లో చూశాను.

ఆ డబ్బుని మీరు ఏం చేస్తారన్నది మీ ఇష్టం గానీ రెండు సంగతులు చెప్పాలి, ఒకదానికి గడువుంది. పాపకి పదేళ్లు నిండకముందే ఆడపిల్లల పొదుపు ఖాతా, సుకన్య సమృద్ధి, తెరవాలి. నిండిన మర్నాడు వెళితే తెరవరు. ఏడాదికి కనీసం 250 వేస్తే చాలు, గరిష్ఠం లక్షన్నర. ఇప్పుడు వడ్డీ 8.2 శాతం. పద్దెనిమిది నిండాక చదువుకి సగం దాకా తీసుకోవచ్చు. పాప పుట్టిన సర్టిఫికెట్, మీ ఆధార్ పట్టుకుని పోస్టాఫీసుకి వెళ్లండి. సంక్రాంతి దాకా ఆగకండి, దసరా దాటకుండానే వెళ్లండి.

రెండోది అటల్ పింఛను. 18 నుంచి 40 లోపు వాళ్లు చేరొచ్చు, ఆదాయపన్ను కట్టేవాళ్లు తప్ప. మీ 34 ఏళ్ల వయసులో నెలకి 824 కడితే, 60 నిండాక నెలకి 5,000 వస్తుంది. కట్టాల్సింది కూడా సరిగ్గా 26 ఏళ్లే, మీ మరిది లెక్కలాగే. తేడా ఏంటంటే మీరు పెళ్లి చేసుకున్నారా మానారా అని అందులో ఎవరూ అడగరు. పాతికేళ్ల తర్వాత 5,000కి ఏమొస్తుందంటారేమో, నేనూ అదే అంటాను, అందుకే దీన్నొక్కదాన్నే నమ్ముకోమనను. 824 భారమైతే 165 కడితే 1,000 వస్తుంది. ఆయన బ్యాంకు ఖాతా మీద ఏడాదికి 436 రూపాయల జీవిత బీమా, 20 రూపాయల ప్రమాద బీమా ఉన్నాయేమో చూసి, లేకపోతే పెట్టించి నామినీగా మీ పేరు రాయించండి. స్తంభాలెక్కే మనిషికి ఆ 20 రూపాయల కాగితం తప్పనిసరి.

పాప సంగతిలో ఒకటి. ఆయన మంచివాడైనా, పాపని సొంత కూతురిలా చూసుకున్నా, చట్టం ప్రకారం ఆయన ఆస్తిలో పాపకి దానంతటదే వాటా రాదు. ఇవ్వాలనుకుంటే వీలునామా రాయాలి. ఇంటిపేరు విషయంలో మీ అత్తింటివాళ్లు పేచీ పెడితే భయపడకండి. భర్త పోయి మళ్లీ పెళ్లి చేసుకున్న తెలుగు తల్లి ఒకావిడ మీద అత్తమామలు వేసిన కేసే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పిల్లవాడి ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనని 2022 జులైలో తీర్పొచ్చింది. రికార్డుల్లో కొత్త భర్తని "సవతి తండ్రి" అని రాయించమన్న కింది తీర్పుని కూడా తప్పుపట్టింది, పిల్లవాడి మనసు మీద అది ఎలా పనిచేస్తుందో చూడొద్దా అని. బడిలో ఏ పేరు పిలిపించుకోవాలో పాపనే అడగండి, పదేళ్ల పిల్లకి ఒక అభిప్రాయం ఉంటుంది.

ఇంతకీ పెళ్లి చేసుకోమంటున్నానా, వద్దంటున్నానా? మీ ఉత్తరంలో ఒక్క చోట "నాకూ ఇష్టమే" అని రాసి, వెంటనే పక్క వాక్యంలోకి దూకేశారు. ఆ ఇష్టం గట్టిదైతే, ఒకటో తారీఖు మాట ఆయన ఒప్పుకుంటే, చేసుకోండి. 61,000 పోతే సంపాదించుకునే చేతులు రెండు జతలవుతాయి. ఆయన ఆ మాట దాటేస్తే, లేదా పెళ్లి దాచిపెడదామన్న పట్టు వదలకపోతే, ఆరు నెలలు ఆగండి. ఆగినంత మాత్రాన మీ పింఛను ఎక్కడికీ పోదు.

సచివాలయానికి వెళ్లినప్పుడు మీ అమ్మగారి ఆధార్ కూడా పట్టుకెళ్లి చూపించండి. ఆ వయసువాళ్లవి చాలావాటిలో పుట్టిన సంవత్సరం అంచనాగా వేసేశారు. 61 అని మీరంటున్నా కార్డులో 57 అని ఉంటే అర్జీ అక్కడే ఆగిపోతుంది. దిద్దించుకోవడానికి టైము పడుతుంది, అందుకని పెళ్లి మాటలకంటే ముందు అదే చూడండి.